భయము సంభవించు దినమున

2021 మే నెలలో మా నాన్నగారు కోవిడ్ సోకి ఒంగోలులోని ఒక ఆసుపత్రిలో 13 రోజులు ఉన్నారు. ఆ రోజుల్లో నాకు కలిగిన భయం గురించీ, ఆ భయంలో నా విశ్వాసం నాకు ఏం చేసింది, ఏం చేయలేదు అన్నదాని గురించీ ఇప్పటివరకు ఎక్కడా రాయలేదు. మా చర్చి సంఘంలో, దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పమని పాస్టరు అయ్యగారు రెండుసార్లు అడిగినా ఏదో ఒక సాకుతో తప్పించుకున్నాను. కృతజ్ఞత లేక అలా చేయలేదు. నాన్నగారు కోలుకుని ఇంటికి వచ్చారు. ఆయన పక్క మంచం మీద ఉన్న పెద్దాయన రాలేదు. ఆ పెద్దాయన కూతురు నాతోపాటు అదే వరండాలో, అదే చాప మీద కూర్చుని, నాకంటే ఎక్కువగా ప్రార్థన చేసింది. ఈ మూడు సంగతులనూ ఒకే నోటితో ఎలా చెప్పాలో నాకు చాలాకాలం తెలియలేదు.

చేర్చిన మొదటి రాత్రి నాన్నగారి చూపుడువేలికి పెట్టిన, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సిమీటరు మీద ఎర్రటి అంకెలు 86 చూపాయి. రోగుల దగ్గరికి రోజుకు రెండుసార్లు, ఒళ్లంతా కప్పే కిట్టు తొడిగించి, పది నిమిషాలు మాత్రం పంపేవారు. వేలు చల్లబడితే యంత్రం తక్కువ చూపుతుందని నర్సమ్మ చెప్పడంతో, ఆ పది నిమిషాలూ ఆయన చేతిని గ్లవుజులు తొడిగిన నా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ, కళ్లు మాత్రం ఆ అంకె మీదనే నిలిపేదాన్ని. అది 84కు దిగితే కడుపులో ఏదో జారిపోయినట్టు ఉండేది. 88కి ఎక్కితే స్తోత్రం అనేదాన్ని. మూడో రోజుకు నాకే అనుమానం వచ్చింది, నేను ప్రార్థిస్తున్నది దేవునికా, ఆ అంకెకా అని.

ఆ రోజుల్లోనే దగ్గరి బంధువు ఒకరు ఫోన్‌లో ఒక మాట అన్నారు. భయం అవిశ్వాసానికి గుర్తు అనీ, భయపడుతూ చేసే ప్రార్థన దేవుని చెవికి చేరదనీ, నేను ధైర్యంగా ఉంటేనే నాన్నగారు బాగుపడతారనీ ఆవిడ ఉద్దేశం. ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. అయినా ఆ మాట విన్నాక నా భయం రెట్టింపయింది. అప్పటిదాకా నాన్నగారికి ఏమవుతుందోనని భయపడ్డాను. అప్పటినుంచి, నా భయం వల్లనే ఆయనకు ఏదైనా అవుతుందేమోనని కూడా భయపడటం మొదలుపెట్టాను. కష్టంలో ఉన్నవారి దగ్గర ఈ మాట దయచేసి ఎవరూ అనవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. అందులో ఓదార్పు లేదు. ఇంకా చెప్పాలంటే అది బైబిలు మాట కూడా కాదు.

బైబిలు మాట కాదని నేను తెలుసుకున్నది ఆ వరండాలోనే. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు నాన్నగారు ఆయాసపడుతూనే తన బైబిలు సంచిలో పెట్టమన్నారు. వార్డులోకి దాన్ని తీసుకువెళ్లనివ్వలేదు కనుక అది నా దగ్గరే ఉండిపోయింది. అట్టలు ఊడిపోతే పాత క్యాలెండరు కాగితంతో ఆయనే అట్ట వేసుకుని, పైన రబ్బరు బ్యాండు బిగించి ఉంచిన పుస్తకం అది. నాన్నగారు పల్లెబడి ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి, ఏ పుస్తకంలోనైనా పెన్సిలుతో తప్ప రాయరు. ఆయన బైబిలు అంచుల్లో పెన్సిలుతో చిన్న చిన్న తేదీలు ఉంటాయని నాకు చిన్నప్పటినుంచి తెలుసు గానీ, వాటిని ఎన్నడూ శ్రద్ధగా చూడలేదు. నాలుగో రాత్రి ఆ వరండా లైటు కింద 56వ కీర్తన దగ్గర చూశాను. 'నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను' అన్న మూడో వచనం పక్కన 19-11-77 అని ఉంది.

మా కోస్తావారికి ఆ తేదీ ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు 10,000 దాటారు. నాన్నగారికి అప్పుడు 24 ఏళ్లు, బాపట్ల దగ్గర ఒక ఊరి బడిలో కొత్తగా పనిలో చేరారు. తాను ఉంటున్న ఇంటి తాటాకు కప్పు సాయంత్రానికే లేచిపోతే, ఒక మొండిగోడ పక్కన నలుగురు ఒకరి నడుము ఒకరు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నామని, గాలి మోతలో పక్కవాడి ఏడుపు కూడా వినబడలేదని చెప్పేవారు. ఆ రాత్రి బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్నవారి మీద ఆ కట్టడమే కూలిపోయింది. దాదాపు వంద మంది చనిపోయారు. చిన్నప్పుడు నేను ఈ సంగతి విని, దేవుని మందిరంలోకి వెళ్లినవాళ్లు ఎలా చనిపోతారని అడిగితే, నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాళ్లు మనకంటే తక్కువ నమ్మారని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దమ్మా" అన్నారు. అంతకుమించి ఆయన దాన్ని వివరించే ప్రయత్నం చేయలేదు. ఇప్పటికీ చేయరు.

ఆ తేదీ చూశాక ఆ కీర్తనను మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను. ఫిలిష్తీయులు దావీదును గాతులో పట్టుకున్నప్పుడు అతడు రాసినదని కీర్తన పైనున్న మాటలు చెబుతాయి. మొదటి సమూయేలు గ్రంథం 21వ అధ్యాయంలో దావీదు గాతుకు పారిపోయిన వృత్తాంతం ఉంది. మహాకాయుడైన గొల్యాతును కొట్టిన దావీదే, గొల్యాతు సొంత ఊరైన గాతులో, ఆకీషు రాజుకు మిక్కిలి భయపడి, పిచ్చివాడిలా నటిస్తూ, ద్వారపు తలుపుల మీద గీతలు గీస్తూ, ఉమ్మి గడ్డం మీదికి కారనిచ్చి ప్రాణం దక్కించుకున్నాడు. మన ఆదివార పాఠశాలల్లో ఒడిసెల పట్టుకున్న దావీదు బొమ్మ గోడకు ఉంటుంది గానీ, ఈ దావీదు బొమ్మ ఎక్కడా చూడలేదు. ఉండాలని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే మూడో వచనంలో తనకు భయం కలిగిందని ఒప్పుకున్న మనిషే నాలుగో వచనంలో 'నేను భయపడను' అంటున్నాడు. మొదటి మాటను కొట్టివేసి రెండోది రాయలేదు, రెండింటినీ అలాగే ఉంచాడు. అదే కీర్తనలో కొంచెం కిందికి వస్తే, 'నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడుచున్నవి కదా' అని ఉంది. కవిలె అంటే లెక్కల పుస్తకం. భయపడినవాడి కన్నీళ్లను తప్పుల పట్టీలో రాసే దేవుడైతే వాటిని బుడ్డిలో దాచుకోవలసిన అవసరమేముంది?

నిజానికి దావీదు దాకా కూడా వెళ్లనక్కరలేదు. సిలువ వేయబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు 'మిగుల విభ్రాంతి నొందుటకును, చింతాక్రాంతుడగుటకును ఆరంభించెను' అని మార్కు రాశాడు. తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని ఆయన తన స్నేహితులకు చెప్పుకున్నాడు, తన దగ్గర మెలకువగా ఉండమని అడిగాడు. భయం అవిశ్వాసమే అయితే ఆ రాత్రి ప్రార్థనను మనం ఏమని చదువుకోవాలి?

ఐదో రాత్రి, ఇందాక చెప్పిన ఆ అమ్మాయి నన్ను అడిగింది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది, మా పట్టణంలోనే వేరొక సంఘానికి చెందినది. అప్పటిదాకా ఇద్దరం ఒకరి ముందు ఒకరం ధైర్యం నటిస్తూ, 'దేవుడున్నాడు', 'అంతా మంచే జరుగుతుంది' అనుకుంటూ గడిపాం. ఆ రాత్రి ఒంటిగంట దాటాక, లోపలినుంచి ఒక స్ట్రెచరును ముఖం కప్పి తీసుకువెళ్లడం చూసిన తరువాత, "అక్కా, మీకు భయం వేయట్లేదా?" అంది. "వేస్తోంది" అన్నాను. ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. తను నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ తరువాత చేసిన ప్రార్థనలో బైబిలు వాగ్దానాలు ఎత్తిపట్టడం గానీ, శత్రువైన సాతానును గద్దించడం గానీ లేవు. "ప్రభువా, మాకు చాలా భయంగా ఉంది, మా దగ్గర ఉండు" అన్నాం. అంతే.

ఆదికాండంలో ఆదాము మొదటిసారి భయం అన్న మాట పలికినప్పుడు, దాని వెంటనే మరో మాట ఉంది, 'భయపడి దాగుకొంటిని' అని. భయం పుట్టడం మన చేతిలో లేదు గానీ, దాన్ని పట్టుకుని చెట్ల చాటుకు వెళ్లిపోవడం మనం చేసే పని. నాలుగు రోజులుగా నేను చేసినది అదే. దేవుని ముందు కూడా ధైర్యవంతురాలి వేషంలో నిలబడ్డాను. ఆ రాత్రి ఆ వేషం తీసేశాను. నాన్నగారి అంకె ఆ రాత్రి ఏమీ మారలేదు, తెల్లవారి చూస్తే 85 ఉంది. అయితే నేను ఆ చాప మీద రెండు గంటలు నిద్రపోయాను. ఆసుపత్రికి వచ్చాక నాకు పట్టిన మొదటి నిద్ర అది.

పొద్దున లేచాక చుట్టూ మనుషులు కనిపించారు. అప్పటిదాకా వాళ్లు అక్కడ లేరని కాదు, నా కంటికి ఆనలేదు. కొండపి వైపు పల్లెనుంచి వచ్చిన ఒక ముసలాయనకు మందుల చీటీ చదవడం రాదు. ఒక తల్లికి ఇద్దరు కొడుకులూ లోపలే ఉన్నారు, ఆవిడ నిన్నటినుంచి ఏమీ తినలేదు. నేనూ ఆ అమ్మాయీ వంతులవారీగా వేడినీళ్ల ఫ్లాస్కులు నింపి తెచ్చేవాళ్లం. చీటీలు చదివి మందుల షాపు దగ్గర వరుసలో నిలబడేవాళ్లం. మా సంఘం యువకులు రోజూ మధ్యాహ్నం తెచ్చే అన్నం పొట్లాలు అందరికీ పంచేవాళ్లం. ఆ వరండాలో ఉన్నవాళ్లలో చాలామంది క్రైస్తవులు కారు, ఆ సంగతి అక్కడ ఎవరికీ గుర్తుకు రాలేదు. ఆ పనిలో ఉన్నంతసేపు నా భయం ఎక్కడికీ పోలేదు గానీ, నా చేతులను కట్టివేయలేకపోయింది. 'పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును' అన్న యోహాను మాటను నేను చిన్నప్పుడే కంఠతా పట్టాను. నా ప్రేమ పరిపూర్ణమైనది కాదు కనుక భయాన్ని పూర్తిగా వెళ్లగొట్టలేకపోయింది, కాస్త పక్కకు జరిపింది. అప్పటికి నాకు కావలసింది అంతే.

మా ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులకు ఇటువంటి రోజుల్లో ధాత కరువు గుర్తుకు రాక తప్పదు. 1876లో వానలు మొండిచేయి చూపినప్పుడు మొదలై 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది ప్రాణాలను బలిగొన్న కరువు అది. ఆకలి, దాని వెంట కలరా. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పనిని ప్రభుత్వం దగ్గర గుత్తకు తీసుకుని, వేలమంది పేదలకు, ముఖ్యంగా మాదిగపల్లెల వారికి, కూలి దొరికేలా చేశారు. తెలుగు బోధకులు మేస్త్రీలుగా ఉండి పని చేయించేవారు, విశ్రాంతి వేళల్లో వాక్యం చెప్పేవారు. 'ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి' అన్న మాట, నెత్తిమీద మట్టి గంప ఉన్న మనిషి చెవిన పడితే ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది క్లౌ దొర తీసుకున్న ఒక నిర్ణయం. కరువు పనులు నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఎంతమంది వచ్చి అడిగినా ఆయన బాప్తిస్మం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆకలి భయంతో, కూలి కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తేలాలంటే ఆ భయం తీరేదాకా ఆగాలని ఆయన అనుకున్నారు. పనులు ముగిశాయి, ఇక పంచడానికి డబ్బూ లేదు, ధాన్యమూ లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా మారుతూ నీళ్లలో నిలబడి ఆ పని చేశారు. మా పూర్వీకులు ఆ కాలంలోనే విశ్వాసంలోకి వచ్చారని మా ఇంట్లో చెప్పుకుంటారు. భయం తోలుకువచ్చినా, భయం పోయాక కూడా నిలిచిన విశ్వాసం వాళ్లది. నా విశ్వాసం ఆ అంకె 95 దాటాక కూడా నిలుస్తుందా అని ఆ వరండాలో నన్ను నేను అడుగుకున్నాను. 75కు పడిపోతే నిలుస్తుందా అని అడుగుకునే ధైర్యం మాత్రం రాలేదు.

తొమ్మిదో రాత్రి మూడు గంటలప్పుడు ఆ అమ్మాయి తండ్రి చనిపోయారు. ఇంటికి తీసుకువెళ్లనివ్వలేదు, తెల్లవారాక నేరుగా సమాధుల తోటకు తీసుకువెళ్లారు. వాళ్ల సంఘం యువకులు నలుగురు కిట్లు వేసుకుని తాళ్లతో పెట్టెను దించారు. వాళ్ల పాస్టరుగారు దూరంగా నిలబడి వాక్యం చదివారు. నేను గేటు దగ్గర ఉన్నాను. తిరిగి వస్తూ తను నాతో, "తొంభై ఒకటో కీర్తన రోజూ చదివాను అక్కా, పొద్దునా రాత్రీ" అంది. ఆ రోజుల్లో ఆ కీర్తన ప్రతి ఫోన్‌లోనూ తిరిగేది, 'ఏ తెగులును నీ గుడారమును సమీపించదు' అన్న పదో వచనం మాత్రం పెద్ద అక్షరాల్లో. తనకు నేను ఏ జవాబూ చెప్పలేదు. నాన్నగారు బాపట్ల గురించి అన్న మాట ఒక్కటే చెప్పాను.

తరువాతి నెలల్లో ఆ కీర్తన దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాను. అరణ్యంలో ప్రభువును శోధించినప్పుడు సాతాను ఎత్తి చూపినది ఈ కీర్తనలోని మాటలనే. దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, నీ పాదానికి రాయి తగలకుండా దూతలు ఎత్తిపట్టుకుంటారు అని. ప్రభువు దూకలేదు. ఆ కీర్తనను ఒప్పందపత్రంలా ఆయన వాడుకోలేదు. కీర్తన చివరికి వస్తే దేవుడే మాట్లాడుతూ, 'శ్రమలో నేనతనికి తోడైయుండెదను' అంటాడు. శ్రమ రానేరాదంటే శ్రమలో తోడు ఎందుకు? 'భయపడకుము' అన్న మాట బైబిలులో రోజుకొకటి చొప్పున 365 సార్లు ఉందని ప్రసంగాల్లో తరచుగా వింటాం. లెక్క అంత చక్కగా కుదరదు గానీ, ఆ మాట ఉన్న చోట్ల చాలావాటిలో దాని పక్కన ఏముందో చూడటం నాకు ఎక్కువ మేలు చేసింది. అబ్రాముతో 'నేను నీకు కేడెము' అన్నాడు. యెషయా 41వ అధ్యాయంలో 'నీకు తోడైయున్నాను భయపడకుము' అన్నాడు. రాత్రి ఉరిమినప్పుడు ఉలిక్కిపడి లేచిన బిడ్డతో తల్లి 'భయపడకు' అంటుంది. అది ఆజ్ఞ కాదు, తాను పక్కనే ఉన్నానని చెప్పడం. బిడ్డ భయపడిందని ఏ తల్లీ కోప్పడదు.

నేను చివరికి ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందు ఆదివారం సాక్ష్యం చెప్పాను. ఆ అమ్మాయిని ముందే అడిగాను, తాను వస్తానంది, వచ్చి స్త్రీల వైపు మూడో వరసలో కూర్చుంది. నాన్నగారిని దేవుడు బతికించాడని చెప్పాను, అందుకు ఆయనకు స్తోత్రం చెప్పాను. పక్క మంచం మీది తండ్రిని కూడా ఆయన చేయి విడవలేదని నమ్ముతున్నానని, ఎలాగో నాకు తెలియదని చెప్పాను. నాకు భయం వేసిందని, ఇప్పటికీ ఎవరైనా దగ్గితే గుండె జారుతుందని చెప్పాను. హల్లెలూయలు ఎక్కువగా వినబడలేదు. కూటం ముగిశాక మాత్రం ఐదారుగురు ఒక్కొక్కరుగా నా దగ్గరికి వచ్చి, మాకూ అంతేనమ్మా అని చెవిలో చెప్పి వెళ్లారు.

ఆ సాయంత్రం, ఇంట్లో నాన్నగారి బైబిలుకు రబ్బరు బ్యాండు తెగిపోతే కొత్తది వేయడానికి తీసుకున్నాను. 56వ కీర్తన దగ్గర 19-11-77 కింద మరో తేదీ ఉంది, వణికిన చేత్తో రాసినది, మే 2021 నాటిది. ఆయన ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన తేదీ అయి ఉంటుందనుకున్నాను. మళ్లీ చూశాను. అది తొమ్మిదో రాత్రి తేదీ.